మాట అందనప్పుడు యంత్రం ఏం చేయాలి?

2012 నవంబరులో చైనాలోని షెన్‌జెన్ మెట్రోలో రెండు లైన్ల మీద రైళ్లు పదే పదే దారి మధ్యలో ఆగిపోయాయి. పట్టాలు బాగున్నాయి, బ్రేకులు బాగున్నాయి, కరెంటూ ఉంది. రైలుకూ నియంత్రణ కేంద్రానికీ మధ్య రేడియో సంభాషణ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో నడుస్తోంది. ప్రయాణికులు జేబుల్లో పెట్టుకుని తిరిగే వైఫై హాట్‌స్పాట్లూ అదే బ్యాండులో పనిచేస్తాయి. ఆ రద్దీలో రైలుకు రావలసిన సందేశాలు రాలేదు. ఎంత దూరం ముందుకు వెళ్లవచ్చో చెప్పే మాట నిర్ణీత వ్యవధిలో అందకపోతే రైలు తనంతట తానే ఆగిపోవాలన్నది ఇలాంటి వ్యవస్థల మూలసూత్రం. ఆ సూత్రం చక్కగా పనిచేసింది. ఎవరికీ ప్రమాదం జరగలేదు, కానీ ప్రయాణం నిలిచిపోయింది. అంటే ఒకే ఘటనలో ఆ వ్యవస్థ భద్రత పరీక్షలో నెగ్గింది, సేవ పరీక్షలో ఓడింది. తరువాతి కాలంలో చైనా పట్టణ రైళ్ల నియంత్రణ కోసం 1785–1805 మెగాహెర్ట్జ్ మధ్య నడిచే ప్రత్యేక ఎల్‌టీఈ (4జీ) నెట్‌వర్కు వైపు మళ్లింది. మన హైదరాబాద్ మెట్రో కూడా రేడియో సంభాషణ మీద ఆధారపడిన నియంత్రణతోనే నడుస్తోంది కనుక ఈ పాఠం మనకు దూరపు కథేమీ కాదు.

పరిశ్రమల్లోనూ రోడ్ల మీదా వైర్‌లెస్ నెట్‌వర్కుల విశ్వసనీయత గురించి సాగే చర్చ ఎక్కువగా ఒక అంకె చుట్టూ తిరుగుతుంది. పంపిన సందేశాల్లో ఎన్ని చేరతాయి? 99.9 శాతమా, 99.999 శాతమా? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2017లో 5జీకి పెట్టిన లక్ష్యాల్లో కఠినమైనది ఇదే: 32 బైట్ల సందేశం ఒక మిల్లీసెకను లోపల చేరాలి, లక్షకు ఒక్కటి కంటే ఎక్కువ తప్పకూడదు. మొబైల్ నెట్‌వర్కుల ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ పత్రాలు యంత్రాల కదలికను నడిపే కొన్ని మోషన్ కంట్రోల్ పనులకు 99.999999 శాతం దాకా అడుగుతాయి. ఈ అంకెలు అక్కరలేదని ఎవరూ అనలేరు. అయితే ఇన్నేళ్ల అనుభవాన్నీ ఒకచోట పెట్టి చూస్తే తేలేది మరొకటి. వైర్‌లెస్ నియంత్రణ నిజంగా నిలదొక్కుకున్న చోటల్లా రూపకర్తలు ముందు వేసుకున్న ప్రశ్న వేరు: సందేశం చేరకపోతే యంత్రం ఎంతసేపు ఓర్చుకోగలదు, ఆ ఓర్పు తీరాక ఏం చేస్తుంది? విశ్వసనీయతను రేడియో ఒక్కదానికే అంటగట్టడం కుదరదని, రేడియోకూ కంట్రోలరుకూ మధ్య కుదిరే ఒప్పందంలోనే అది ఉంటుందని ఈ వ్యాసం వాదన.

గాలిలో సందేశం ఎందుకు తప్పిపోతుందో ముందు చూడాలి. ఫ్యాక్టరీలో ఎటు చూసినా లోహమే. పంపిన తరంగం నేరుగానూ వస్తుంది, గోడలకూ క్రేన్లకూ యంత్రాలకూ తగిలి పలు దారుల్లోనూ వస్తుంది. ఇవన్నీ కలిసే చోట ఒకదాన్నొకటి బలపరచుకోవచ్చు, ఒకదాన్నొకటి తుడిచేసుకోవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు. యాంటెన్నాను ఆరు సెంటీమీటర్లు జరిపితే చాలు, బలంగా ఉన్న సిగ్నల్ అడుగంటిపోవచ్చు. దీన్నే ఫేడింగ్ అంటారు. నేరుగా కనిపించే దారి లేనిచోట వర్తించే రేలీ నమూనా లెక్క సరళంగా ఉంటుంది, నిర్దయగానూ ఉంటుంది. సిగ్నల్ బలం సగటులో వందో వంతు కంటే కిందికి పడే అవకాశం నూటికి ఒకటి, లక్షో వంతు కంటే కిందికి పడే అవకాశం లక్షకు ఒకటి. కాబట్టి ఒకే దారిని నమ్ముకుని లక్షకు ఒక్క తప్పే ఉండాలంటే, అవసరమైనదానికి లక్ష రెట్లు బలాన్ని ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలి. అదే ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులుంటే 316 రెట్లు సరిపోతుంది, నాలుగు దారులుంటే 17, 18 రెట్లు చాలు. విశ్వసనీయ వైర్‌లెస్ శాస్త్రంలో సగం ఈ ఒక్క లెక్కలో ఉంది. గొంతు పెంచడం కంటే దారులు పెంచడం ఎన్నో రెట్లు చౌక.

అయితే ఆ దారులు నిజంగా ఒకదానికొకటి సంబంధం లేనివై ఉండాలి. చిక్కంతా ఇక్కడే. సందేశం తప్పితే మళ్లీ పంపడం అన్నిటికంటే పాత ఉపాయం. కానీ యంత్రాలు మనిషి నడక వేగంతో కదిలే షెడ్డులో ఒకసారి ఫేడింగులో పడ్డ సిగ్నల్ కొన్ని పదుల మిల్లీసెకన్ల పాటు అందులోనే ఉండిపోతుంది. గడువు ఒక మిల్లీసెకను అయినప్పుడు అదే ఫ్రీక్వెన్సీలో, అదే యాంటెన్నా నుంచి ఎన్నిసార్లు పంపినా అదే గోతిలో పడుతుంది. అక్కడ వేరే ఫ్రీక్వెన్సీ కావాలి, లేదా వేరే చోట నిలబెట్టిన యాంటెన్నా కావాలి. రోడ్డు మీద పరిస్థితి తలకిందులు. 5.9 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు ఐదు సెంటీమీటర్లు. రెండు వాహనాల మధ్య సాపేక్ష వేగం గంటకు 100 కిలోమీటర్లైతే ఆ ఐదు సెంటీమీటర్లు రెండు మిల్లీసెకన్లలోపే దాటిపోతాయి. ఫేడింగు వేగంగా వచ్చిపోతుంది గానీ, సిగ్నల్ ఎలా ఉందో కొలిచి దానికి తగ్గట్టు పంపుదామనుకునేలోగా కొలత పాతబడిపోతుంది. పైగా అడ్డంగా నిలిచిన లారీ అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకేసారి మూసేస్తుంది. ఫ్యాక్టరీలో నెగ్గిన డిజైనును రోడ్డు మీదికి ఎత్తుకుపోవడం కుదరదు, రోడ్డు మీది డిజైను ఫ్యాక్టరీలోకీ నేరుగా రాదు.

ఇప్పటివరకూ వైర్‌లెస్ స్థిరపడ్డ రంగాల్లో ప్రముఖమైనవి రిఫైనరీలు, రసాయన పరిశ్రమలు. 2007లో వచ్చి, 2010లో ఐఈసీ 62591 ప్రమాణంగా ఆమోదం పొందిన వైర్‌లెస్‌హార్ట్ దీనికి మంచి ఉదాహరణ. అది కాలాన్ని పది మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఏ పరికరం ఎప్పుడు మాట్లాడాలో ముందే నిర్ణయిస్తుంది. ప్రతిసారీ ఛానెల్ మారుస్తుంది. ఒక దారి మూసుకుపోతే పక్క పరికరం ద్వారా సందేశాన్ని దాటిస్తుంది. కాలం, ఫ్రీక్వెన్సీ, స్థలం మూడింటిలోనూ దారులు పెంచే ఈ పద్ధతిని తరువాత ఐఈఈఈ 802.15.4ఈ ప్రమాణం 2012లో స్వీకరించింది. చిన్న బ్యాటరీతో, తక్కువ శక్తితో ఇది నెగ్గడానికి కారణం రేడియో గొప్పతనమే అనుకుంటే పొరపాటు. ట్యాంకులో మట్టం, పైపులో ఉష్ణోగ్రత సెకన్లలోనూ నిమిషాల్లోనూ మారతాయి. కాబట్టి ఒక్కో సందేశానికి చాలాసార్లు ప్రయత్నించే తీరిక ఉంటుంది. ఆ ఓర్పు పరిశ్రమ స్వభావంలోనే ఉంది, రేడియో దాన్ని తెలివిగా వాడుకుంది. అదే రేడియోను మిల్లీసెకన్ల మీద నడిచే ప్యాకింగ్ యంత్రానికి తగిలిస్తే చేతులెత్తేస్తుంది.

ఇక సగటుల సంగతి. ప్రతి మిల్లీసెకనుకూ ఒక సందేశం పంపే యంత్రం రోజుకు 8 కోట్ల 64 లక్షల సందేశాలు పంపుతుంది. 99.999 శాతం విశ్వసనీయత అంటే అందులో 864 తప్పిపోవచ్చు. అవి రోజంతా చెదిరి ఉంటే ఏ కంట్రోలరూ పట్టించుకోదు, పాత విలువతో ఒక మిల్లీసెకను నెట్టుకొస్తుంది. అవన్నీ వరసగా తప్పితే 0.864 సెకన్ల మౌనం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఆ మౌనంలో 19 మీటర్లు గుడ్డిగా పోతుంది. నివేదికలో రెంటికీ అంకె ఒకటే, ఫలితాలకు పోలికే లేదు. ఇది కాగితం మీది భయం కాదనడానికి వాహనాల సంభాషణలోనే సాక్ష్యం ఉంది. సెల్ ఫోన్ల రేడియో పద్ధతి మీద రూపొందిన సీ-వీ2ఎక్స్ మొదటి రూపంలో, సెల్ టవరు సాయం లేకుండా వాహనాలు తమంతట తామే సమయపు గడిని ఎంచుకుని, 100 మిల్లీసెకన్లకు ఒకసారి పంపే సందేశాల కోసం ఐదు నుంచి పదిహేను సార్ల దాకా అదే గడిని పట్టుకుని ఉంటాయి. రెండు వాహనాలు పొరపాటున ఒకే గడిని ఎంచుకుంటే సెకనుకు పైగా కూడా ఒకదాని మాట ఒకదానికి వినపడకపోవచ్చు. పంపుతున్నప్పుడు వినలేవు కనుక ఆ సంగతి వాటికి తెలియను కూడా తెలియదు. సగటు చేరిక బాగానే ఉంటుంది, ఆ రెండు వాహనాలకు మాత్రం ఒకటి ఉందని మరొకటి ఎరగదు. తరువాతి ప్రమాణాల్లో మధ్యమధ్య వేరే గడిలో ఒక్కసారి పంపే ఏర్పాటు చేర్చింది ఇందుకే. 3జీపీపీ కూడా వరస మౌనాన్ని ఎంతవరకు భరించవచ్చో చెప్పే కాలపరిమితిని తన ప్రమాణాల్లో విడిగా పేర్కొంది. సగటు శాతం ఒక్కటే చాలదని ప్రమాణాలు రాసేవాళ్లే ఒప్పుకున్నారన్నమాట.

నియంత్రణ సిద్ధాంతం ఈ మాటను మరో వైపు నుంచి చెబుతుంది. 2004లో సినోపోలి, షెనాటో తదితరులు ప్రచురించిన పరిశోధన, కొలతలు అప్పుడప్పుడూ తప్పిపోతే, వాటి నుంచి వ్యవస్థ స్థితిని అంచనా వేసే కాల్‌మన్ ఫిల్టర్ ఎంతవరకు నిలబడుతుందో లెక్కగట్టింది. అదుపు లేకపోతే అడుగడుక్కీ రెట్టింపయ్యే ఒక సరళమైన వ్యవస్థను తీసుకుంటే, సందేశాల్లో 75 శాతం కంటే ఎక్కువ చేరితే చాలు, అంచనాలోని దోషం సగటున హద్దులో ఉంటుంది. 99.999లోని ఐదు తొమ్మిదుల పక్కన 75 శాతం ఎంత చిన్నదో చూడండి. ఇక్కడ జాగ్రత్త కూడా అవసరం. సగటున హద్దులో ఉండటం ఒకటి, ఒక్కసారి కూడా గోడను గుద్దకపోవడం ఇంకొకటి. రెండోదానికి వరస మౌనం మీద గట్టి హద్దు కావాలి. ఏడెనిమిదేళ్ల తరువాత కౌల్, యేట్స్, గ్రూటెసర్ వాహనాల సందర్భంలో మొదలుపెట్టిన ‘సమాచారపు వయసు’ అనే ఆలోచన దీనికి ఇంకొక మెలిక చేర్చింది. తాజా కబురు కావాలని మరీ ఎక్కువగా పంపితే వరుసలో రద్దీ పెరిగి, చేరేసరికి కబురు పాతబడుతుంది. వాళ్లు తీసుకున్న సరళమైన వరుస నమూనాలో లింకు సగానికి కాస్త ఎక్కువగా పనిచేస్తున్నప్పుడే కబురు అత్యంత తాజాగా ఉంటుంది. లింకును ఎంత నింపితే అంత లాభమనే టెలికాం లెక్క నియంత్రణకు పనికిరాదు.

భద్రత విషయంలో పరిశ్రమ ఎప్పుడో ఒక తెలివైన నిర్ణయం తీసుకుంది: నెట్‌వర్కును అసలు నమ్మకపోవడం. ఐఈసీ 61784-3 ప్రమాణంలోని బ్లాక్ ఛానెల్ పద్ధతి ప్రకారం, మధ్యలో తీగ ఉన్నా రేడియో ఉన్నా అది ఏ తప్పైనా చేయవచ్చని ముందే అనుకోవాలి. రెండు చివర్లా ఉండే భద్రతా పొర ప్రతి సందేశానికీ వరుస సంఖ్య, తప్పులు పట్టే కోడు జతచేస్తుంది, ఆలస్యాన్ని గడియారంతో కొలుస్తుంది. ఏది తేడా వచ్చినా యంత్రాన్ని సురక్షిత స్థితికి తెస్తుంది, మామూలుగా ఆపేస్తుంది. దీంతో ప్రమాదం తప్పుతుంది, కానీ రేడియో లోపమంతా ఆగిపోవడాల రూపంలో బయటపడుతుంది. షెన్‌జెన్‌లో జరిగింది అదే. ఆగిపోవడమూ ఎల్లప్పుడూ నిరపాయం కాదు. 2023 ఆగస్టులో పోలండ్‌లోని ష్చెచిన్ ప్రాంతంలో ఇరవై దాకా రైళ్లను ఎవరో రేడియోలో అత్యవసర ‘ఆగు’ సంకేతం పంపి నిలిపేశారు. ఆ పాత అనలాగ్ వ్యవస్థలో పంపింది ఎవరో సరిచూసుకునే ఏర్పాటే లేదు. మాట అందకపోతే ఏం చేయాలో తేల్చుకున్న తరువాత, అందిన మాట ఎవరిదో కూడా తేల్చుకోవాలి. ఎవరైనా ఆపగలిగే యంత్రాన్ని నమ్మదగినదని అనలేం.

ఆపడానికీ నడపడానికీ మధ్య మెట్లు ఉండాలన్నది వాహనాల పరిశోధన నేర్పిన గొప్ప పాఠం. 1997లో కాలిఫోర్నియాలోని శాన్‌డియాగో దగ్గర ఐ-15 హైవే మీద ఎనిమిది కార్లు ఆరున్నర మీటర్ల ఎడంతో ఒక వరసగా, రేడియోలో మాట్లాడుకుంటూ పరుగెత్తాయి. ముందు కారు బ్రేకు వేసిన సంగతి రేడియో చెబితేనే ఆ ఎడం సాధ్యం. రాడారు కేవలం ఎడం తగ్గడాన్ని గమనిస్తుంది, అప్పటికి కొంత ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం వరసలో వెనక్కి పోయేకొద్దీ పెద్దదవుతుంది. మరి రేడియో తెగితే? బ్రేకు గట్టిగా వేస్తే వెనకవాళ్లకు ప్రమాదం. నెదర్లాండ్స్‌లో యెరూన్ ప్లూగ్ బృందం దీనికి చెప్పిన జవాబు, రేడియో పోయినప్పుడు ముందు వాహనం త్వరణాన్ని సొంత సెన్సర్లతో అంచనా వేసుకుంటూ, ఎడం కొంత పెంచుకుని, రాడారు మీదే నడిచే క్రూజ్ కంట్రోల్ స్థాయికి పూర్తిగా పడిపోకుండా ఒక మెట్టు మాత్రమే దిగడం. సేవ తగ్గుతుంది, కుప్పకూలదు. లారీల వరసల మీద చాలాకాలం పనిచేసిన డైమ్లర్ సంస్థ 2019లో ఆ ప్రయత్నం విరమించుకుంది. ఇంధనం ఆదా అనుకున్నంత లేదన్నది ఆ సంస్థ చెప్పిన కారణం. వరస తెగి మళ్లీ కలిసిన ప్రతిసారీ ఆదాలో కొంత హరించుకుపోతుందని కూడా తేలింది. దిగే మెట్లకు ఖర్చుంటుంది, ఆ ఖర్చును లెక్కలో ముందే వేసుకోవాలి.

మన దగ్గర ఈ విషయానికి సాటిలేని ఉదాహరణ, రైళ్లు ఢీకొనకుండా తమంతట తామే ఆగేలా చూసే రైల్వేల కవచ్ వ్యవస్థ. దీని ప్రయోగాలు దక్షిణ మధ్య రైల్వేలో జరిగాయి, మొదటి 1465 రూటు కిలోమీటర్ల అమలూ అక్కడే. తయారీకి ముందుగా అర్హత పొందిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ సంస్థలు. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య జరిగిన ప్రదర్శనలో రైల్వే మంత్రి ఉన్న ఇంజిను ఎదుటి ఇంజినుకు 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. నిర్మాణం చూస్తే ఈ వ్యాసం చెబుతున్న ఒప్పందం అందులో స్పష్టంగా ఉంది. స్టేషనుకూ ఇంజినుకూ మధ్య యూహెచ్ఎఫ్ రేడియో ఉంది, కానీ రైలు ఎక్కడుందో తెలియడానికి పట్టాల మధ్య ఆర్ఎఫ్ఐడీ ట్యాగులున్నాయి, రెండు ట్యాగుల మధ్య దూరాన్ని చక్రాల తిరుగుడుతో ఇంజినే కొలుచుకుంటుంది. అంటే మాట తడబడినా రైలుకు తన ఆచూకీ తెలుస్తుంది, బ్రేకు నిర్ణయం ఇంజినులోనే ఉంటుంది. ప్రమాదకర వైఫల్యం గంటకు పది కోట్లలో ఒక వంతు లోపే ఉండాలనే సిల్-4 స్థాయి దీనికి సాధ్యమైంది రేడియో ఎన్నడూ తప్పదని కాదు, తప్పినా నష్టం రాకుండా మిగతా భాగాలను అమర్చినందుకు. 2021లో కేంద్ర మంత్రివర్గం రైల్వేలకు 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఐదు మెగాహెర్ట్జ్ కేటాయించింది. సంభాషణ రేపు ఎల్‌టీఈకి మారినా ఆ అమరిక మారకూడదు.

ఇంత హైరానా ఎందుకు, తీగ వేస్తే పోదా అనేవాళ్లున్నారు. కదలని చోట ఆ మాట నిజం, అక్కడ వైర్‌లెస్ అడగడమే తప్పు. కానీ తిరిగే రోబో భుజాల్లో కేబుళ్లు వంగి వంగి తెగుతాయి, స్లిప్ రింగులు అరుగుతాయి, సరుకు మోసే బండ్లకు తీగ కట్టలేం. తీగకూ వైఫల్యం ఉంది, అలవాటైంది కనుక లెక్కించడం లేదు. రెండో ఆక్షేపణ ఇంకాస్త బలమైనది: స్వయంచాలక కార్లు సొంత కెమెరాలు, రాడార్లు, లైడార్లతోనే నడుస్తున్నాయి కదా, వాటికి ఇతర వాహనాల మాట ఎందుకు? అవును, ఏ కారూ ఇతరుల మాట మీదే ప్రాణాలు పెట్టుకోకూడదు. అయితే మలుపు అవతల వచ్చే బండి, బస్సు వెనక నుంచి దాటే మనిషి ఏ సెన్సరుకూ కనపడరు. అక్కడ మాట అందితే మేలు, అందకపోతే కారు తనకు కనిపించినంత దూరానికి తగ్గట్టు నెమ్మదించాలి. ఇది మన వాదనకు అడ్డురాదు, బలమే ఇస్తుంది. మూడోది టెలికాం వర్గాల ఆశ: 5జీ తరువాతి మెరుగుదలలు తొమ్మిదుల్ని పెంచుతాయి, అప్పుడు ఈ గొడవే ఉండదని.

ఆ ఆశకు అడ్డు నిలిచేది నిరూపణ. వంద కోట్లకు ఒక్క సందేశమే తప్పుతుందని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, ఒక్కటీ తప్పకుండా దాదాపు 300 కోట్ల సందేశాలు చేరినట్టు చూపాలి. పది మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున పంపితే అందుకు సుమారు 11 నెలలు పడుతుంది. పైగా ఆ లెక్క సందేశాల తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుంటేనే. ఫేడింగు వరసగా తప్పిస్తుందని చూశాం కనుక నిజానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఈలోగా షెడ్డులో కొత్త ఇనుప ర్యాకు పెట్టినా, పక్క ప్లాంటు కొత్త వైఫై పెట్టినా కొలిచిన ప్రపంచం మారిపోయినట్టే. కొలవలేని అంకెను కాంట్రాక్టులో రాసుకోవడం వల్ల ఎవరికీ రక్షణ లేదు. ‘వరసగా ఇరవై మిల్లీసెకన్లు మాట అందకపోతే రోబో భుజం ఇక్కడ, ఇలా ఆగుతుంది’ అన్నది మాత్రం ఒక పూటలో, కావాలని రేడియో ఆపి, పరీక్షించవచ్చు. తొమ్మిదులు పెంచడం ఆగిపోయే సందర్భాలను తగ్గిస్తుంది, దానికి విలువుంది. భద్రతకు పునాది మాత్రం పరీక్షించగలిగిన దాని మీదే వేయాలి.

చివరిగా, స్పెక్ట్రమ్ ఎవరి చేతిలో ఉందన్నదీ విశ్వసనీయతలో భాగమే. అమెరికా 1999లో వాహనాల సంభాషణకు 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ ఇచ్చింది. ఇరవై ఏళ్లలో పెద్దగా వాడకం లేదని 2020లో 45 మెగాహెర్ట్జ్ వైఫైకి మళ్లించి, మిగిలిన 30ని సీ-వీ2ఎక్స్‌కు పెట్టింది. తుది నియమాలు 2024లో గానీ రాలేదు. ఐరోపాలో 2019లోనే ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ కారు వైఫై తరహా రేడియోతో రోడ్డెక్కింది. ఈ వైఫై తరహా పద్ధతీ, సీ-వీ2ఎక్స్ పద్ధతీ ఒకదాని మాట ఒకటి వినలేవు. కారు ఆయుష్షు పదిహేనేళ్లయినప్పుడు ఇంత ఊగిసలాట ఏ ఫేడింగు కంటే తక్కువ నష్టం? ఫ్యాక్టరీల విషయంలో జర్మనీ 2019 నుంచి 3.7–3.8 గిగాహెర్ట్జ్‌లో సంస్థలకు తమ ఆవరణ వరకు లైసెన్సులిస్తోంది. భారత్ 2022 జూన్‌లో ప్రైవేటు 5జీ నెట్‌వర్కులకు మార్గదర్శకాలు విడుదల చేసింది. స్వయంచాలక వాహనాల పరీక్షకు ఐఐటీ హైదరాబాద్‌లో టిహాన్ కేంద్రం ఉంది. పరికరాలూ, ప్రయోగశాలలూ, నియమాలూ ఒక్కొక్కటే సమకూరుతున్నాయి. కాబట్టి రేపు ఒక ఓడరేవో, మందుల ఫ్యాక్టరీయో వైర్‌లెస్ నియంత్రణ కొనేటప్పుడు టెండరులో ముందుగా ఉండవలసినవి నాలుగు: వరస మౌనానికి హద్దు ఎంత, ఆ హద్దు దాటాక యంత్రం ఏ మెట్టుకు దిగాలి, సందేశానికి ఉన్న దారులు నిజంగా వేరువేరేనా, వచ్చిన మాట ఎవరిదో ఎలా తెలుస్తుంది. వీటికి జవాబు రాశాకే ఎన్ని తొమ్మిదులు కావాలో అడగాలి. అప్పుడు కావలసిన తొమ్మిదులు చాలాచోట్ల అనుకున్నదానికంటే తక్కువే అవుతాయి, ఇచ్చిన మాట నిలబడుతుందో లేదో చూసుకునే వీలూ ఉంటుంది.